క్వార్టర్ మైలులో గేరు మార్చే పద్ధతి: మాన్యువల్ కారుతో డ్రాగ్ రేసుకు వెళ్లేవారి కోసం

డ్రాగ్ రేసు దూరం క్వార్టర్ మైలు, అంటే 402 మీటర్లు. మామూలు పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఈ దూరాన్ని సుమారు 18 సెకన్లలో పూర్తిచేసి, గంటకు 120 కిలోమీటర్ల వేగం దగ్గర ముగింపు గీత దాటుతుంది. మలుపులు ఉండవు, గీత దాటేదాకా బ్రేకుతో పని ఉండదు. డ్రైవరు చేతిలో ఉన్నవి రెండే: కారును కదిలించే తీరు, గేర్లు మార్చే తీరు. మొదటిసారి స్ట్రిప్ (డ్రాగ్ రేసు జరిగే తిన్నని దారి) మీదికి వచ్చిన చాలామంది రెండో పనికి చేతి బలమే ఆధారమనుకుని, గేరు రాడ్‌ను ఎంత గట్టిగా లాగితే అంత లాభమని నమ్ముతారు. నిజానికి అన్ని గేరు మార్పులకూ ఒకే విలువ ఉండదు. కొన్నింటికి ప్రాణం పెట్టాలి, కొన్నింటిని నిదానంగా వేసినా నష్టం లేదు. ఏది ఏదో తెలియాలంటే ముందు చిన్న లెక్క చేయాలి.

గేరు మార్చేటప్పుడు క్లచ్ నొక్కి ఉన్నంతసేపూ ఇంజిన్ బలం చక్రాలకు అందదు. అప్పటికి ఉన్న వేగంతోనే కారు దొర్లుతుంది. ఆ ఖాళీ అర సెకను అనుకుందాం. అర సెకనూ పూర్తిగా పోయినట్టు కాదు, ఎందుకంటే ఆ కాసేపట్లోనూ కారు ముందుకు సాగుతూనే ఉంటుంది. గేరు మార్చినప్పటి వేగాన్ని గీత దాటే వేగంతో భాగించి, వచ్చినదాన్ని ఒకటిలోంచి తీసేసి, మిగిలినదాన్ని ఖాళీ సమయంతో గుణిస్తే అసలు నష్టం తేలుతుంది. పైన చెప్పిన హ్యాచ్‌బ్యాక్ మొదటి గేరు నుంచి రెండో గేరుకు 48 కిలోమీటర్ల వేగం దగ్గర మారుతుందనుకుంటే, 48ని 120తో భాగిస్తే 0.4, ఒకటిలోంచి తీస్తే 0.6, కాబట్టి అర సెకను ఖాళీ వల్ల పోయేది 0.3 సెకను. రెండు నుంచి మూడుకు 89 దగ్గర మారితే అదే అర సెకనుకు పోయేది 0.13 సెకను మాత్రమే. 115 దగ్గర నాలుగో గేరు వేయాల్సి వచ్చిందనుకోండి, నష్టం 0.02 సెకనుకు దిగిపోతుంది. గాలి నిరోధాన్ని కలిపితే ఈ అంకెలు కాస్త పెరుగుతాయి గానీ వాటి వరుస మారదు. గీత దగ్గర 0.3 సెకను అంటే పది మీటర్లు, అంటే రెండున్నర కార్ల పొడవు.

అందువల్ల సాధనకు కేటాయించిన సమయంలో సగానికి పైగా ఒకటి నుంచి రెండుకు మారడం మీదే పెట్టాలని నా అభిప్రాయం. గీత కనిపిస్తుండగా కంగారుపడి మూడు నుంచి నాలుగుకు విసురుగా లాగి గేరు తప్పినవారిని చాలామందిని చూశాను. వాళ్లు ఆదా చేయాలనుకున్నది సెకనులో వందో వంతు, పోగొట్టుకున్నది మొత్తం పరుగు. గీతకు పది పదిహేను మీటర్ల ముందు ఇంజిన్ రెవ్ లిమిటర్‌ను (ఇంజిన్ హద్దు మీరి తిరగకుండా ఇంధనం ఆపే ఏర్పాటును) తాకినా, గేరు మార్చకుండా అలాగే పట్టుకుని దాటేయడం చాలాసార్లు మేలు.

ఏ ఆర్‌పీఎం దగ్గర మార్చాలి

ఆర్‌పీఎం అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య. ఎంత దగ్గర మార్చాలన్నదానికి సమాధానం ఇంజిన్‌లో సగమే ఉంటుంది, మిగతా సగం గేర్‌బాక్స్‌లో ఉంటుంది. మన రోడ్ల మీద అందరికీ తెలిసిన మారుతీ స్విఫ్ట్ పెట్రోల్ కారులో మొదటి గేరు నిష్పత్తి (గేర్‌బాక్స్ నుంచి బయటికి వచ్చే ఒక్కో చుట్టుకు ఇంజిన్ తిరిగే చుట్లు) 3.545, రెండోది 1.904. అంటే 6000 ఆర్‌పీఎం దగ్గర గేరు మారిస్తే ఇంజిన్ 3220 దగ్గరికి పడిపోతుంది. రోజూ వాడే కారుకు ఈ పెద్ద మెట్టు సౌకర్యమే, ఎందుకంటే నిండు బరువుతో ఘాట్ రోడ్డు ఎక్కడానికి పొట్టి (నిష్పత్తి పెద్దదైన) మొదటి గేరు కావాలి. దీనికి పూర్తి భిన్నంగా, 1960లలో అమెరికాలో షెవర్లే కార్లకు అమర్చిన మన్సీ అనే నాలుగు గేర్ల క్లోజ్ రేషియో (నిష్పత్తులు దగ్గరదగ్గరగా ఉండే) బాక్స్‌లో మొదటిది 2.20, రెండోది 1.64, అందులో 6000 దగ్గర మారిస్తే ఇంజిన్ 4470 దగ్గర ఆగుతుంది. మెట్టు చిన్నది కాబట్టి ఇంజిన్ తన బలమైన పరిధిని వదిలి కిందికి జారదు. స్విఫ్ట్ వంటి కారులో అలా కాదు, తొందరపడి 5000 దగ్గరే మారిస్తే ఇంజిన్ 2700 దగ్గర చిక్కుకుని మళ్లీ ఊపు అందుకోవడానికి సమయం తీసుకుంటుంది. అందుకే ఒకటి నుంచి రెండుకు దాదాపు రెడ్ లైన్ (ఆర్‌పీఎం మీటరు మీది ఎర్ర హద్దు) దాకా ఆగాలి. పై గేర్ల మధ్య మెట్లు చిన్నవి కాబట్టి అక్కడ కొంచెం ముందే మార్చినా ఫరవాలేదు.

సూత్రంగా చెప్పాలంటే, మార్చడానికి ముందున్న ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ ఇచ్చే శక్తి, మార్చిన తర్వాత పడే ఆర్‌పీఎం దగ్గర ఇచ్చే శక్తికి సమానమైన చోట గేరు మార్చాలి. శక్తి శిఖరానికి చేరి దిగడం మొదలుపెట్టాక కూడా కొంతదూరం అదే గేరులో సాగడం లాభమేనని ఈ సూత్రం చెబుతుంది, ఎందుకంటే పై గేరులోకి వెళితే శక్తి అంతకన్నా తక్కువగా ఉంటుంది. డీజిల్ కారుకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది గానీ అంకెలు వేరు. ఒకప్పుడు మన దగ్గర ఎన్నో కార్లలో వచ్చిన 1.3 లీటర్ డీజిల్ ఇంజిన్ 75 హార్స్‌పవర్ రూపంలో గరిష్ఠ శక్తిని 4000 ఆర్‌పీఎం దగ్గరే ఇచ్చేది. దాన్ని 5000 దాకా అరిపిస్తే శబ్దం వస్తుంది గానీ వేగం రాదు. అటువంటి కారులో 4500 ప్రాంతంలో మార్చి చూసి, తర్వాత నూరేసి ఆర్‌పీఎం అటూ ఇటూ జరుపుతూ టైమ్ స్లిప్‌లను (ప్రతి పరుగు తర్వాత ఇచ్చే సమయాల చీటీలను) పోల్చుకోవాలి.

ఇక ఆర్‌పీఎం మీటరు సూదిని నమ్మే విషయం. మొదటి గేరులో నిండుగా తొక్కినప్పుడు ఇలాంటి కారు ఇంజిన్ సెకనుకు సుమారు 1500 ఆర్‌పీఎం చొప్పున ఎక్కుతుంది. సూది 6000 చూపించినప్పుడు కదలాలని నిర్ణయించుకుంటే, కన్ను చూసి కాలు కదిలేలోపు ఐదో వంతు సెకను గడుస్తుంది, ఇంజిన్ మరో 300 ఆర్‌పీఎం ఎక్కి లిమిటర్‌ను తాకుతుంది. కాబట్టి 6000 దగ్గర మారాలంటే 5700 దగ్గరే కదలిక మొదలుపెట్టాలి. కొన్నాళ్లకు సూది చూడాల్సిన పని తగ్గి చెవే చెబుతుంది. హెల్మెట్ పెట్టుకుంటే శబ్దం మారిపోతుందన్నది గుర్తుంచుకుని, సాధన కూడా హెల్మెట్‌తోనే చేయాలి.

కాళ్లు, చెయ్యి, వాటి వరుస

గేరు మార్చడంలో నిజంగా సమయం తినేది చేతి కదలిక కాదు, గేర్‌బాక్స్ లోపలి సింక్రో రింగు చేసే పని. క్లచ్ నొక్కగానే క్లచ్ ప్లేటు, దానితో పాటు తిరిగే ఇన్‌పుట్ షాఫ్టు ఇంకా 6000 దగ్గరే తిరుగుతుంటాయి. వాటిని 3220కి తగ్గించేదాకా రెండో గేరు పడదు, ఆ తగ్గించే పని ఇత్తడి జాతి లోహంతో చేసిన ఆ చిన్న రింగు రాపిడితో చేస్తుంది. మెట్టు ఎంత పెద్దదైతే రింగుకు అంత శ్రమ. అంటే మన లెక్కలో అత్యంత విలువైన ఒకటి నుంచి రెండు మార్పే యంత్రపరంగా అత్యంత కష్టమైనది కూడా. రాడ్ మీద స్థిరమైన ఒత్తిడి ఉంచితే రింగు తన పని చేసుకుంటుంది, గుద్దితే రింగు అరుగుతుంది, గేరు ఫోర్కు (లోపల గేరును జరిపే కొక్కెం) వంగుతుంది. సమయం మాత్రం తగ్గదు.

క్లచ్ పెడల్‌ను ప్రతిసారీ నేలకు ఆనేదాకా తొక్కడం ఇంకో వృథా. ఏ కారులోనైనా క్లచ్ పూర్తిగా విడిపోయే చోటు పెడల్ దారిలో ఎక్కడో మధ్యలో ఉంటుంది, అక్కడి నుంచి ఇంకొంచెం కిందికి నొక్కితే చాలు. కారు చదునైన చోట ఆపి, మొదటి గేరులో ఉంచి, పెడల్‌ను మెల్లగా పైకి వదులుతూ కారు ఎక్కడ కదలడం మొదలుపెడుతుందో పదిసార్లు చూసుకుంటే కాలికి ఆ చోటు తెలిసిపోతుంది. అయితే క్లచ్ వేడెక్కినా, పాతబడినా ఈ చోటు జరుగుతుంది. సరిగా విడిపోని క్లచ్‌తో గేరు మారిస్తే సింక్రో ఇన్‌పుట్ షాఫ్టుతో పాటు ఇంజిన్‌ను కూడా ఈడ్చాల్సి వస్తుంది, కరకరమన్న శబ్దం వినిపిస్తుంది. అలా వినిపించిన పరుగు తర్వాత కొన్ని నిమిషాలు ఆగి, మళ్లీ చోటు వెతుక్కోవాలి. కాళ్లకు పలుచటి అడుగున్న బూట్లు ఉండాలి, డ్రైవరు వైపు కార్పెట్ మ్యాట్ తీసి డిక్కీలోనో ఇంట్లోనో పెట్టాలి.

వరుస ఇలా ఉండాలి. అనుకున్న ఆర్‌పీఎం రాబోతుండగా చెయ్యి రాడ్ మీదికి వెళ్లి, వెనక్కి లాగే దిశలో తేలికైన ఒత్తిడి పెడుతుంది. కుడి కాలు యాక్సిలరేటర్ వదలడం, ఎడమ కాలు క్లచ్ నొక్కడం ఒకే క్షణంలో జరుగుతాయి; క్లచ్ విడిపోగానే అప్పటికే ఒత్తిడిలో ఉన్న రాడ్ తనంతట తానే మొదటి గేరు నుంచి బయటికి వస్తుంది. రాడ్ రెండో గేరులోకి దిగుతుండగానే క్లచ్ పైకి రావడం మొదలుకావాలి, క్లచ్ పట్టుకునే క్షణానికి యాక్సిలరేటర్ మళ్లీ నిండుగా ఉండాలి. మూడు కదలికలు ఒకదాని తర్వాత ఒకటిగా కాక ఒకదాని మీద ఒకటి వాలినట్టు జరిగితే ఖాళీ తగ్గుతుంది. చెయ్యి ఒత్తిడి తేలికగానే ఉండాలని మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే క్లచ్ విడిపోకముందే బలంగా లాగే అలవాటు ఫోర్కును చంపుతుంది.

చేతి పట్టు గురించి అమెరికా వాళ్లు చెప్పేది మనకు అద్దంలో బొమ్మలా తిరగేసి చదువుకోవాలి, ఎందుకంటే వాళ్లు కుడిచేత్తో గేరు మారుస్తారు, మనం ఎడమచేత్తో. మన కార్లలో ఒకటి, రెండు గేర్ల వరుస డ్రైవరుకు దూరంగా, పక్క సీటు వైపు ఉంటుంది. కాబట్టి ఒకటి నుంచి రెండుకు లాగేటప్పుడు అరచేతిని పక్క సీటు వైపు తిప్పి, వేళ్లను నాబ్ ముందు భాగం మీద వేసి, కొంచెం ఎడమకు ఆనించినట్టుగా నేరుగా వెనక్కి లాగాలి. రెండు నుంచి మూడుకు వెళ్లేటప్పుడు ఆ పట్టును పూర్తిగా వదిలేయాలి. తెరిచిన అరచేతితో రాడ్‌ను ముందుకు నెడితే న్యూట్రల్ దగ్గర లోపలి స్ప్రింగే దాన్ని మధ్య వరుసలోకి తెస్తుంది. మనం చేయాల్సింది ముందుకు నెట్టడమే. ఇక్కడ కుడికి తోస్తే ఐదో గేరు పడి ఇంజిన్ చప్పబడుతుంది, పరుగు పాడవుతుంది గానీ కారుకు ఏమీ కాదు.

ఎడమకు తోస్తే జరిగేది వేరు. మూడుకు బదులు ఒకటి పడితే, 6000 దగ్గర తిరుగుతున్న ఇంజిన్‌ను చక్రాలు బలవంతంగా 11,000 దాటిస్తాయి; ఆ వేగంలో వాల్వులు పిస్టన్లను తాకుతాయి. రెవ్ లిమిటర్ ఇంధనాన్ని మాత్రమే ఆపగలదు, చక్రాలు తిప్పుతున్న ఇంజిన్‌ను ఆపలేదు. దీన్నే రేసర్లు మనీ షిఫ్ట్ అంటారు, పర్సు ఖాళీ అవుతుంది కాబట్టి. మూడు నుంచి నాలుగుకు లాగేటప్పుడు రాడ్ ఎడమకు ఒరిగి రెండులో పడినా ఇదే ప్రమాదం. ఆ మార్పుకు అరచేతిని తన వైపు తిప్పుకుని, బొటనవేలు పైకి ఉంచి, నేరుగా వెనక్కి లాగడం క్షేమం. ఆ వేగంలో సింక్రో సాధారణంగా కింది గేరును ఒప్పుకోదు; రాడ్ మొండికేస్తే బలవంతం చేయకుండా వదిలేయాలన్న నియమాన్ని నేను ఏ మినహాయింపూ లేకుండా పాటిస్తాను. పాతబడి సాగిన ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్‌ను కారుకు పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) ఉన్న కారులో ఇంజిన్ ఊగిసలాటతో రాడ్ చోటు కూడా కదులుతుంది, మూడో గేరు పదేపదే తప్పుతుంటే చేతిని నిందించే ముందు మౌంట్లు చూపించుకోవాలి.

యాక్సిలరేటర్ వదలాలా, వద్దా

గేరు మార్చేటప్పుడు యాక్సిలరేటర్‌ను అసలు వదలకుండా, క్లచ్‌ను ఒక్క తాపుతో నొక్కి వదిలేయడాన్ని పవర్ షిఫ్ట్ అంటారు. ఇంజిన్ ఆ క్షణంలో లిమిటర్‌ను తాకి, క్లచ్ పట్టుకోగానే ఫ్లైవీల్‌లో (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రంలో) నిలిచిన శక్తి అంతా ఒక్కసారిగా చక్రాలకు చేరుతుంది, కారు తన్నినట్టు ముందుకు దూకుతుంది. అమెరికాలో 1960లు, 70లలో ప్లిమత్ కార్లతో ‘మిస్టర్ ఫోర్ స్పీడ్’ అని పేరు తెచ్చుకున్న రోనీ సాక్స్ నాలుగు గేర్ల బాక్స్‌తో ఇటువంటి వేగవంతమైన మార్పులకే ప్రసిద్ధుడు. అయితే ఆయన కార్లు రేసు కోసమే తయారైనవి. అదే పనిని ముందు చక్రాలతో నడిచే మన హ్యాచ్‌బ్యాక్‌లో చేస్తే దెబ్బ డ్రైవ్ షాఫ్టుల మీద, డిఫరెన్షియల్ మీద, క్లచ్ ప్లేటులోని స్ప్రింగుల మీద పడుతుంది.

లాభనష్టాలు చూద్దాం. సాధనతో ఒకటి నుంచి రెండు మార్పును అర సెకనుకు తెచ్చిన డ్రైవరు, పవర్ షిఫ్ట్‌తో దాన్ని పావు సెకను చేశాడనుకుంటే, మన లెక్క ప్రకారం మిగిలేది 0.15 సెకను. సోమవారం అదే కారులో ఆఫీసుకు వెళ్లాల్సినవారికి ఆ 0.15 సెకను కోసం గేర్‌బాక్స్‌ను పణంగా పెట్టడం నాకు సబబుగా తోచదు. మధ్యేమార్గం ఉంది: యాక్సిలరేటర్‌ను పూర్తిగా వదలకుండా సగం మాత్రమే వదిలి మళ్లీ తొక్కడం. టర్బో కార్లలో దీనివల్ల ఇంకో మేలు ఉంది, బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పూర్తిగా పడిపోదు. పెడల్‌కు, థ్రాటిల్‌కు (ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపుకు) మధ్య కేబుల్ లేని ఇప్పటి కార్లలో కంప్యూటర్ తన ఇష్టప్రకారం వ్యవహరిస్తుంది. కొన్నింటిలో క్లచ్ నొక్కగానే థ్రాటిల్ మూసేస్తుంది, కొన్నింటిలో పెడల్ వదిలినా కాసేపు ఆర్‌పీఎంను పైనే ఆపి ఉంచుతుంది. రెండో రకం కారులో యాక్సిలరేటర్‌ను క్లచ్ కన్నా రెప్పపాటు ముందు వదలాలి.

ప్రారంభ గీత దగ్గర కదలడం

మొదటి కదలిక బాగాలేకపోతే పై సాధనంతా వృథా, ఎందుకంటే వేగం సున్నా దగ్గర పోగొట్టుకున్న సమయాన్ని మన సూత్రం పూర్తిగా నష్టంగానే లెక్కిస్తుంది. ప్రారంభ గీత మీద ముందు ప్రీ స్టేజ్ దీపం (గీతకు దగ్గరపడ్డారని చెప్పేది), తర్వాత స్టేజ్ దీపం (సరిగ్గా గీత మీద ఉన్నారని చెప్పేది) వెలిగేలా కారును అంగుళాల చొప్పున జరపాలి. మూడు పసుపు దీపాలు అర సెకను తేడాతో వెలిగే పద్ధతిలో, మూడో పసుపు కనిపించగానే కదలాలి. పచ్చ దీపం కోసం ఆగితే ఆలస్యమే. ఒక ఊరట ఏమిటంటే, పరుగు సమయాన్ని కొలిచే గడియారం దీపంతో కాక కారు చక్రం కిరణాన్ని దాటినప్పుడు మొదలవుతుంది. అందువల్ల ఒంటరిగా సమయం మెరుగుపరచుకోవాలనుకునేవారు దీపానికి బెదరకుండా కుదురుగా కదలవచ్చు.

ముందు చక్రాల కారు కదలగానే బరువు వెనక్కి వాలుతుంది, ముందు టైర్లకు పట్టు తగ్గుతుంది. అందుకని 2500 ఆర్‌పీఎం దగ్గర మొదలుపెట్టి, క్లచ్‌ను ఒక్కసారిగా వదలకుండా పట్టుకునే చోట ఒక సెకను జార్చుతూ వదలాలి. టైర్లు కీచుమంటూ తిరిగితే తర్వాతి పరుగులో 300 తగ్గించాలి, ఇంజిన్ ఊపిరాడనట్టు కుంగితే 300 పెంచాలి. టైమ్ స్లిప్‌లో 60 అడుగుల దగ్గర నమోదైన సమయమే ఈ పనికి మార్కులు వేసేది, మిగతా అంకెలు తర్వాత చూసుకోవచ్చు.

ఎక్కడ, ఎలా సాధన చేయాలి

ఇంటి ముందు ఇంజిన్ ఆపి ఉన్న కారులో, క్లచ్ నొక్కుతూ, పట్టు మార్చుకునే తీరును రోజూ పది నిమిషాలు చేస్తే చేతికి దారి అలవాటవుతుంది. అసలు పరుగు మాత్రం అనుమతి ఉన్న చోటే. మహారాష్ట్రలో లోనావాలా దగ్గరున్న ఆంబీ వ్యాలీ విమానాల పట్టీ మీద జరిగే వ్యాలీ రన్‌లో సొంత కార్లతో పాల్గొనే అవకాశం ఉంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద అర్ధరాత్రి పందేలు ఆడేవారికి చట్టం చెప్పేది వేరు: మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం పెడితే మొదటిసారికే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. లారీ అడ్డం వస్తే చట్టం దాకా కూడా పోనక్కర్లేదు.

స్ట్రిప్ మీద ఉన్నప్పుడు సెల్‌ఫోన్‌లో శబ్దం రికార్డు చేసుకోవడం నాకు అన్నింటికన్నా పనికొచ్చిన ఉపాయం. ఫోన్‌ను గ్లవ్ బాక్స్‌లో పెట్టి రికార్డు చేసి, తర్వాత శబ్ద తరంగాన్ని పెద్దదిగా చేసి చూస్తే ఇంజిన్ గొంతు తగ్గి మళ్లీ అందుకునే దాకా ఉన్న ఖాళీ కళ్లకు కనిపిస్తుంది, దాన్ని సెకన్లలో కొలవవచ్చు. మెరుపులా మార్చానని నేను గట్టిగా నమ్మిన నా మొదటి పరుగులో ఆ ఖాళీ 0.9 సెకను వచ్చింది. పది పరుగుల్లో ఒక్కసారి 0.4 రావడం కన్నా పదింటిలోనూ 0.5 రావడాన్ని లక్ష్యంగా పెట్టుకోవాలి, ఎందుకంటే గేరు రాడ్ తప్పేది ఆ ఒక్కసారి కోసం చేసే ప్రయత్నంలోనే.

గీత దాటాక యాక్సిలరేటర్‌ను మెల్లగా వదిలి, ఉన్న గేరులోనే ఉంచి, బ్రేకుతో వేగం తగ్గించాలి. ఇంజిన్‌తో ఆపుదామని కింది గేరు వేయకూడదు, మనీ షిఫ్ట్‌కు అది కూడా ఒక దారి. తిరిగి వచ్చేటప్పుడు కిటికీ దించి వాసన చూడాలి. కాలిన వాసన వస్తే క్లచ్ జారిందని అర్థం, బానెట్ ఎత్తి కనీసం ఇరవై నిమిషాలు కారును అలాగే వదిలేయాలి. రెండు మూడు రేసు రోజుల తర్వాత గేర్‌బాక్స్ ఆయిల్ మార్పించడం మంచిది. కారు పుస్తకంలో జీఎల్-4 (గేరు ఆయిల్ రకం) అని ఉంటే అదే పోయించాలి, ఎందుకంటే కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని గంధకపు రసాయనాలు సింక్రో రింగుల పసుపు లోహాన్ని తినేస్తాయి. పాత ఆయిల్‌ను తెల్లని గుడ్డలో వడకట్టించి చూడండి. బంగారు రంగు పొడి మెరిస్తే అది సింక్రో రింగుల నుంచి వచ్చిందే, చెయ్యి ఇంకా గట్టిగా లాగుతోందన్నమాట.